బ్రేకు మొదటి తొక్కుకే పట్టాల!

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఐరాలలో ఒక గొడవ జరిగింది. గొడవంటే కొట్లాట కాదు, బ్రేక్ ప్యాడ్ల మీద వాదన. మా స్నేహితుడొకడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న కారుకు ఆన్‌లైన్లో రేసు ప్యాడ్లు తెప్పించుకున్నాడు. డబ్బా మీద మంటల బొమ్మ, గళ్ల జెండా, '700 డిగ్రీల దాకా' అని పెద్ద అక్షరాలు. ధర మామూలు ప్యాడ్లకు మూడింతలు. వాటిని బిగించుకుని మరుసటి రోజు తెల్లవారుజామున కాణిపాకం బయల్దేరాడు. పక్క సీట్లో నేను. బయట మంచు, రోడ్డు తడి. ఊరు దాటకముందే సందులోంచి పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఒకటి అడ్డం వచ్చింది. వాడు బ్రేకు తొక్కాడు. పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం జారుకుంటూ పోతానే ఉంది. వాడు సీట్లోంచి సగం లేచి బలమంతా పెట్టి తొక్కితే, మోపెడ్ వెనక చక్రానికి జానెడు దూరంలో ఆగింది. పాలాయన తిట్టిన తిట్లు ఈ పత్రికలో వేయరు కాబట్టి వదిలేస్తున్నా.

సాయంత్రం మెకానిక్ షాపు దగ్గర పంచాయితీ పెట్టాం. మావాడి వాదన ఒకటే: "రేసు కార్లు 200 స్పీడులో పోతా పోతా ఆగుతాయి కదరా. 40లో నా కారు ఆగకపోతే తప్పు ప్యాడ్లదా, బిగించినోళ్లదా?"

బిగింపు చూశాం, బాగానే ఉంది. ప్యాడ్లు నకిలీవీ కావు. అవి దేనికోసం తయారయ్యాయో ఆ పని చేయడానికి సిద్ధంగానే ఉన్నాయి. ఆ పని మా ఊరి సందులో తెల్లవారుజామున ఉండదు, అంతే. మావాడు అడిగిన ప్రశ్న మన క్యాంపస్ పార్కింగ్‌లో కూడా నేను చాలాసార్లు విన్నాను. రేసు ప్యాడ్ అంటే మామూలు ప్యాడ్ కంటే ఒక మెట్టు పైన ఉండేదని మనలో చాలామంది నమ్మకం. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఆ నమ్మకం తప్పు. ప్యాడ్లకు పై మెట్టు, కింది మెట్టు ఉండవు. ఏ వేడిలో పట్టాలి, ఏ వేడి దాకా పట్టాలి అన్న రెండు ప్రశ్నలే ఉంటాయి. ఆ రెండూ అడగకుండా కొన్న ప్యాడు ఎంత ఖరీదైనా ప్రమాదమే.

బ్రేకు చేసే పని మనందరికీ తెలిసిందే, వేగాన్ని వేడిగా మార్చడం. డిస్కును ప్యాడ్ రాపాడిస్తే పుట్టే వేడి ముందు డిస్కులోకి, ప్యాడ్‌లోకి, కాలిపర్‌లోకి పోయి, తర్వాత గాలిలో కలుస్తుంది. ఇక్కడే ఒక చిక్కుంది. ప్యాడ్ ఘర్షణ గుణకం ఎప్పుడూ ఒకేలా ఉండదు, వేడిని బట్టి మారుతుంది. మనం ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబులో 'మ్యూ' అని ఒక అంకె రాసి మార్కులు తెచ్చుకున్నాం. బ్రేక్ ప్యాడ్‌కు ఆ అంకె ఒక గీత. చల్లగా ఉన్నప్పుడు ఒక చోట మొదలై, పైకి లేచి, కొంత దూరం నిలకడగా సాగి, చివరికి పడిపోతుంది. ఆ పడిపోవడాన్నే ఫేడ్ అంటారు. ప్యాడ్‌లోని పదార్థాలను పట్టి ఉంచే రెజిన్ వేడికి కాలి వాయువులు వదులుతుంది, పట్టు తగ్గుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు.

రోడ్డు ప్యాడ్ గీత చల్లగా ఉన్నప్పుడే పైన మొదలవుతుంది. సుమారుగా 350, 400 డిగ్రీల దాకా బాగా పనిచేసి తర్వాత వాలుతుంది. రేసు ప్యాడ్ గీత చల్లగా ఉన్నప్పుడు కిందుంటుంది. చాలా రకాలు 150, 200 డిగ్రీలు దాటితే గానీ ఒళ్లు విరుచుకోవు. ఆ తర్వాత 600, 700 దాకా అలుపు లేకుండా పట్టుకుంటాయి. ఫార్ములా వన్ కార్లలో ప్యాడూ డిస్కూ రెండూ కార్బన్‌వే. అవి 400 డిగ్రీలు దాటాకే సరిగ్గా పనిచేసి, 1000 డిగ్రీల దాకా వెళ్తాయి. రాత్రి ట్రాక్ ప్రసారంలో డిస్కులు ఎర్రగా నిప్పు కణికల్లా మెరవడం చూసే ఉంటారు. అదే కారును మా ఐరాల బజార్లో నడిపితే మొదటి ఆవు దగ్గరే కథ ముగుస్తుంది. మావాడి కారు ఆ పొద్దున ఏ గీతలో ఎక్కడుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

అసలు ప్యాడ్ కథే ఒక దిగుడు దారిలో మొదలైంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ప్ఫోర్జ్‌హైమ్‌కు వెళ్లింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు. దారిలో కొండలు దిగేటప్పుడు చెక్క బ్రేకులు అరిగిపోయి పట్టడం మానేశాయి. ఆమె ఒక చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి, ఆ చెక్కల మీద తోలు కొట్టించుకుంది. బ్రేకు లైనింగ్‌కు అదే మొదలని చెప్తారు. ఆమె చూసింది టాప్ స్పీడు కాదు. తన బండి బరువెంత, దారి ఎంత దిగుతుంది, ఆ దారికి ఏది ఆగుతుంది అన్నది చూసింది. 130 ఏళ్లు దాటాక మనం డబ్బా మీద మంటల బొమ్మ చూస్తున్నాం.

మన చిత్తూరు, తిరుపతి వాళ్లకు దిగుడు దారంటే చెప్పాల్సిన పని లేదు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. రెండోది 1974లో వచ్చాక ఎక్కడానికి కొత్తది, దిగడానికి పాతది అయ్యాయి. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు, 36 మలుపులు. దిగే బండికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది. అతివేగాన్ని అరికట్టడానికే ఆ నియమం. అందరికీ అది విసుగు. కొంతమంది గబగబా దిగేసి, టోల్‌గేటు రాకముందు పక్కన ఆపుకుని, టైము అయ్యేదాకా టీ తాగుతూ నిలబడతారు. ఈ 40 నిమిషాల లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

ఐదుగురు మనుషులు, సామాను, కొన్ని లడ్డూలతో కలిపి కారు 1400 కిలోలు అనుకుందాం. దిగే ఎత్తు 650 మీటర్లు అనుకుందాం. స్థితిశక్తి దగ్గర దగ్గర 89 లక్షల జౌళ్లు. ఇదే కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆపితే పుట్టే వేడి 5.4 లక్షల జౌళ్లు. టైర్ల రాపిడి, గాలి కలిపి 35 లక్షలు తినేశాయనుకున్నా ఇంకా 54 లక్షలు మిగులుతాయి. అంటే 100 స్పీడు నుంచి పది సార్లు పూర్తిగా ఆపినంత. న్యూట్రల్‌లో దిగితే అదంతా బ్రేకుల మీదే పడుతుంది. 40 నిమిషాల్లో దిగితే సగటున 2250 వాట్లు. మన హాస్టల్ గీజర్ 2000 వాట్లు కదా, ఒక గీజర్ కంటే కొంచెం ఎక్కువ. 20 నిమిషాల్లో దిగితే రెండు గీజర్లు. గాలికి చల్లారే సమయం మాత్రం సగమవుతుంది. కాబట్టి ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టినా, ఆ 40 నిమిషాలు మన బ్రేకులకు అసలైన థర్మల్ డిజైన్ రూలు. గబగబా దిగి కింద ఆపుకోవడం ఇంకా చెడ్డది. కాలుతున్న డిస్కుకు గాలి ఆడదు, వేడంతా కాలిపర్‌లోని ఆయిల్‌లోకి ఎక్కుతుంది.

ఇప్పుడు రేసు ట్రాక్ సంగతి చూద్దాం. చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా చెన్నై హైవే పట్టుకుంటే శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ రేస్ ట్రాక్ ఉంది, 1990 నుంచి. మనకు అతి దగ్గర ట్రాక్ అదే. అలాంటి ట్రాక్‌లో 1000 కిలోల కారు 180 నుంచి 80కి మూడు సెకన్లలో తగ్గిందనుకోండి. వేడి 10 లక్షల జౌళ్లు. మూడు సెకన్లకు పంచితే 3.3 లక్షల వాట్లు, అంటే 160కి పైగా గీజర్లు ఒక్కసారే ఆన్ చేసినట్టు. కాసేపటికే ఇంకో మలుపు, మళ్లీ అదే. డిస్కు చల్లారే అవకాశమే లేదు. అక్కడ రోడ్డు ప్యాడ్ వేసుకుపోతే మూడో ల్యాపుకే కాలిన వాసన వస్తుంది, నాలుగో ల్యాపుకు పట్టు పోతుంది. రేసు ప్యాడ్ అక్కడ విలాసం కాదు, ప్రాణం. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

కానీ తేడా గమనించారా? తిరుమల దిగే టాక్సీకి మొత్తం వేడి చాలా ఎక్కువ, అది నిదానంగా వస్తుంది. ట్రాక్ కారుకు వేడి ఉప్పెనలా వస్తుంది. మా ఊరి బజార్లో తిరిగే కారుకు అసలు వేడే ఉండదు, కానీ మొదటి తొక్కుకే ఆగాలి. మూడూ మూడు వేరే లెక్కలు. 'రోడ్డా, రేసా' అన్న ప్రశ్నకు వీటిలో ఒక్కటి కూడా పూర్తిగా లొంగదు.

దీనికి మన క్లబ్ కారే సాక్ష్యం. స్టూడెంట్ ఫార్ములా పోటీలకు మనం కట్టిన కారు పేరుకు రేసు కారు. కాబట్టి రేసు ప్యాడ్లే వేయాలని మీటింగులో చేతులెత్తి తీర్మానించాం. నేనూ ఎత్తాను. గ్రౌండులో ట్రయల్ వేశాం. ఆ పోటీల్లో బ్రేక్ టెస్ట్ అంటే కారును కొంత వేగంతో తీసుకొచ్చి తొక్కితే నాలుగు చక్రాలూ లాక్ కావాలి, కారు తిన్నగా ఆగాలి. మన కారు నాలుగుసార్లు ప్రయత్నించినా ముందు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ విప్పాం, లైన్లలో గాలి ఉందేమోనని మూడుసార్లు బ్లీడ్ చేశాం, పెడల్ రేషియో మీద రెండు రాత్రులు పోట్లాడుకున్నాం. చివరికి ఒక జూనియర్ అమ్మాయి లెక్క వేసి బోర్డు మీద రాసింది. డ్రైవర్‌తో కలిపి 300 కిలోలు. 60 స్పీడు నుంచి ఆపితే 42 వేల జౌళ్లు. నాలుగు డిస్కులు కలిపి 2 కిలోల ఉక్కు ఉంటే, వేడంతా వాటిలోనే ఆగిపోయినా పెరిగేది 45 డిగ్రీలు. ఎండలో 35 దగ్గర మొదలైతే 80. మనం కొన్న ప్యాడ్ నిద్ర లేచేది 200 దగ్గర. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చల్లగా ఉన్నప్పుడే పట్టే మెత్తని ప్యాడ్లు వేశాక మొదటి తొక్కుకే నాలుగు చక్రాలూ లాక్ అయ్యాయి. మన రేసు కారుకు కావాల్సింది రోడ్డు గుణం ఉన్న ప్యాడ్!

అటువైపు, మా చిన్నాయన టాక్సీ నడుపుతాడు. కాణిపాకం, తిరుమల, శ్రీపురం గోల్డెన్ టెంపుల్, ఇదే ఆయన త్రికోణం. ఆయన కారుకు నంబర్ ప్లేటు తప్ప రేసుతో పోలికే లేదు. అయినా ఏడుగురిని ఎక్కించుకుని కొండ దిగే ఆ బండికి మామూలు నాసి ప్యాడ్ చాలదు, వేడికి కొంచెం ఎక్కువ ఓర్చుకునే మంచి రోడ్డు ప్యాడ్ కావాలి. జూన్, జులై నెలల్లో తోతాపురి కాయల లోడుతో బంగారుపాళెం మార్కెట్‌కు పోయే పికప్ వ్యానుకూ, మొగిలి ఘాట్ దిగే ప్రతి బండికీ అంతే. రేసు కారుకు మెత్తని ప్యాడ్, మామిడికాయల బండికి గట్టి ప్యాడ్. డబ్బా మీద గళ్ల జెండా చూసి కొంటే ఈ రెండూ తారుమారవుతాయి.

మరి ఎలా ఎంచుకోవాలి? నాకు తెలిసినంతలో ఇది క్రమం.

రోజూ కాలేజీకో ఆఫీసుకో పోయే కారుకు కంపెనీ వాళ్లు ఇచ్చిన రకమే, లేదా పేరున్న తయారీదారు అదే కారుకు అదే పనికి చేసిన ప్యాడ్. యూరప్‌లో ఆర్-90 అనే నిబంధన ఉంది. మార్పిడి ప్యాడ్ పట్టు అసలు ప్యాడ్ పట్టుకు 15 శాతం అటూఇటూ లోపలే ఉండాలని దాని అర్థం. ఎక్కువ పట్టినా ఒప్పుకోరన్నది గమనించండి. ఎందుకంటే కారు తయారుచేసిన వాళ్లు ముందు చక్రాలకింత, వెనక చక్రాలకింత అని తూకం వేసి పెట్టారు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే. ముందు మాత్రం విపరీతంగా పట్టే ప్యాడ్లు వేస్తే ఆ తూకం మారిపోతుంది. వెనక డిస్కులున్న కారుకు వెనక మాత్రమే పట్టు పెంచితే ఇంకా ఘోరం. తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందు లాక్ అయితే కారు బొంగరమవుతుంది.

కొన్ని ప్యాడ్ల అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఈఈ, ఎఫ్‌ఎఫ్, జీజీ ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకం, రెండోది ఎక్కువ వేడిలో. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కంటే రెండోది తక్కువైతే వేడికి పట్టు తగ్గుతుందని అర్థం. ఘాట్ రోడ్డు మీద తిరిగేవాళ్లు రెండో అక్షరం చూడాలి. అయితే ఇది కూడా కాణిపాకం ప్రమాణం కాదు. ఒక అంగుళం ముక్కను చిన్న యంత్రం మీద పరీక్షించి ఇచ్చే అక్షరాలివి. ట్రాక్ మీద 500 డిగ్రీల్లో ఏమవుతుందో, ఎన్నాళ్లు మన్నుతుందో ఇవి చెప్పవు. ఆ సంగతికి తయారీదారు ఇచ్చే వేడి, ఘర్షణల గ్రాఫ్ చూడాలి. గ్రాఫ్ ఇవ్వకుండా మంటల బొమ్మ మాత్రం ఇచ్చినవాడి దగ్గర కొనకండి.

ఏడాదికోసారో రెండుసార్లో ట్రాక్ డేకి పోయేవాళ్లుంటారు. వాళ్లకు నా సలహా, రెండు సెట్లు పెట్టుకోండి. ఇంటి నుంచి రోడ్డు ప్యాడ్లతో పోయి, అక్కడ మార్చుకుని, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ మార్చుకోండి. మార్చిన ప్రతిసారీ బెడ్డింగ్ చేయాలి, అంటే ఖాళీ రోడ్డు మీద క్రమంగా వేడెక్కేలా కొన్నిసార్లు వేగం తగ్గించి, పూర్తిగా ఆపకుండా, తర్వాత చల్లారనివ్వాలి. అప్పుడే డిస్కు మీద ప్యాడ్ పదార్థం సన్నని పొరలా సమంగా అతుక్కుంటుంది. వేడి డిస్కు మీద పెడల్ తొక్కిపట్టి నిలబడితే ఆ ఒక్క చోటే అచ్చు పడి, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది.

నేను చెప్పేదానికి ఎదురు వాదనలు లేకపోలేదు. ఒకటి, "ఎక్కువ ఘర్షణ ఉంటే తక్కువ దూరంలో ఆగుతుంది కదా?" మామూలు ప్యాడ్ కూడా చక్రాన్ని లాక్ చేయగలిగినప్పుడు, ఏబీఎస్ టకటకమని కొట్టుకుంటున్నప్పుడు, కారును ఆపుతున్నది టైరు. అంతకు మించి ప్యాడ్ చేసేదేమీ లేదు. అరిగిన టైర్ల మీద ఖరీదైన ప్యాడ్లు వేయడం, చిరిగిన గొడుగుకు వెండి పిడి వేయించడం లాంటిది. డబ్బులుంటే ముందు టైర్లు మార్చండి.

రెండోది కొంచెం బలమైన వాదన. మా స్నేహితుడే అడిగాడు: "మరి కొండ దిగే టాక్సీకి నువ్వే గట్టి ప్యాడ్ కావాలన్నావు కదా, రేసు ప్యాడే వేస్తే పోలా?" నిజమే, దిగేటప్పుడు సగం దారి నుంచి అది బ్రహ్మాండంగా పట్టవచ్చు. కానీ ఆ టాక్సీ తెల్లవారుజామున మూడు గంటలకు ఇంటి నుంచి బయల్దేరుతుంది. మొదటి కుక్క, మొదటి స్పీడ్ బ్రేకర్, మొదటి పసిపిల్లాడు ఎదురయ్యేది చల్లని ప్యాడ్‌కే. పైగా రేసు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు డిస్కును ఆకురాయిలా గీకేస్తుంది, కీచుమంటుంది, దుమ్ము పోస్తుంది. కొండకు కావాల్సిన మిగతా ఓర్పు ప్యాడ్ నుంచి కాదు, గేరు నుంచి రావాలి.

ఇది నాకు చెప్పింది పుస్తకం కాదు, చిన్నాయనే. ఆయన మాట: "దిగేటప్పుడు బ్రేకు తొక్కినోడు డ్రైవరు కాదు రా, గేరు తెలిసినోడు డ్రైవరు. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాల." రెండో గేర్లో ఇంజిన్ బండిని పట్టి ఉంచితే మనం లెక్కేసిన 54 లక్షల జౌళ్లలో పెద్ద వాటా ఇంజినే తీసుకుంటుంది. బ్రేకుకు మలుపుల దగ్గర పని మాత్రమే మిగులుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి, ఇంకా ముందుకెళ్లి ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లను నేను చూశాను. ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఆగుతుంది. రెండు మూడు తొక్కుల తర్వాత పెడల్ రాయి అవుతుంది. వంద రూపాయల పెట్రోలు కోసం బండిలోని అందరి ప్రాణాలు పందెం కాయడమిది.

ప్యాడ్ల మోజులో అందరూ మరిచిపోయేది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరిగితే, 3.7 శాతం నీరు చేరాక 140 దగ్గరే మరగవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కు దిగుతుంది. ఆయిల్ మరిగితే లైన్లో ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. అందుకే కొండ సగంలో పెడల్ ఒక్కసారిగా నేలకు పోతుంది. 700 డిగ్రీల ప్యాడ్ వేసి, ఐదేళ్ల నాటి ఆయిల్ ఉంచుకుంటే ఆ 700 ఎందుకు? రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం రేసు ప్యాడ్ల ధరలో చిన్న భాగం. మా స్నేహితుడి కారులో ఆయిల్ చూస్తే డికాషన్ రంగులో ఉంది. ప్యాడ్లకు వేలు పోసినవాడు దాని మూత కూడా తీసి చూడలేదు.

ఇంకొన్నేళ్లలో ఈ లెక్క మళ్లీ మారుతుంది, మారడం మొదలైంది కూడా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ కార్లను వెనక చక్రాలకు మామూలు రాపిడి బ్రేకులు లేకుండానే డిజైన్ చేశారు. వెనక ఆపే పని మోటారుదే. అత్యవసరానికి మాత్రం ఒక బ్రేకు తర్వాత చేర్చారు. ముందూ వెనకా మోటార్లు కలిసి 600 కిలోవాట్ల దాకా శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపగలవు. అదే సూత్రం దానికి ముందే మన కొండెక్కింది. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్ మీద ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. దిగేటప్పుడు గీజర్ కావాల్సిన వేడి కరెంటు అవుతుంది. అయితే దీనికీ రెండు మెలికలున్నాయి. కొండ మీద బ్యాటరీ నిండా చార్జి చేసుకుని దిగితే తిరిగి వచ్చే కరెంటుకు చోటుండదు, మళ్లీ ప్యాడే దిక్కు. రోజూ మోటారే ఆపుతుంటే ప్యాడ్, డిస్కు చల్లగా ఉండి తుప్పు పడతాయి. అంటే రేపటి బండికి ఇంకా ముఖ్యమైన గుణం ఏమిటి? వారం రోజులు పని లేకుండా పడి ఉన్నా, చల్లగా ఉన్నా, తడిగా ఉన్నా మొదటి తొక్కుకే పట్టడం.

మన క్లబ్‌కు నాదొక ప్రతిపాదన. వచ్చే సీజన్ నుంచి ఏ పార్ట్ కొనాలన్నా ముందు ఒక పేజీ లెక్క రాయాలి. బరువెంత, వేగమెంత, వేడెంత, పని మొదలయ్యే వేడెంత. ఆ పేజీ లేకుండా చేతులెత్తే ఓటింగు వద్దు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో బండి బ్రేక్ ఆయిల్ రంగు, ప్యాడ్ మందం చూడండి. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లోడు ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం లాభం ఉండాలి కదా. కొండకు పోయే వాళ్లెవరైనా మీ ఊళ్లో ఉంటే ఆ 40 నిమిషాల లెక్క చెప్పండి. గీజర్ ఉదాహరణ ఎవరికైనా అర్థమవుతుంది.

మా స్నేహితుడు ఆ ప్యాడ్లు తీసేసి, కంపెనీవి వేయించి, ఆయిల్ కూడా మార్పించుకున్నాడు. రేసు ప్యాడ్లు డబ్బాలో పెట్టి అటక మీద దాచాడు. ఎప్పుడైనా ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోతే అక్కడ వేసుకుంటాడట. పోయేటప్పుడు నేనూ వస్తానన్నా. అక్కడైతే ఆ ప్యాడ్ల మీద నాకు పూర్తి నమ్మకం. ఊర్లో పాలాయన మాత్రం ఇప్పటికీ ఆ కారు కనబడితే మోపెడ్‌ను ఓ పక్కకు తీసి నిలబడుకుంటాడు.